విద్యకై సముద్రము దాటిన తొలి అమెరికనులు

క్రీ. శ. 1785వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన పారిస్ నగరమునుండి తామస్ జెఫర్సన్ ఒక జాబు వ్రాసెను. ఆనాడాయన ఫ్రాన్సు దేశమున అమెరికా రాయబారి. అంతకు తొమ్మిదేండ్ల పూర్వము అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను రచించినవాడు. ఐరోపాలో యువకుల చదువునకు ఏ విద్యాలయము మేలని స్వదేశీయుడొకడు అడుగగా దానికిది సమాధానము. జెనీవా యెట్టిది, రోము యెట్టిది అని కొంత చెప్పి, జెఫర్సన్ అసలు ప్రశ్నకు వచ్చెను: మన పిల్లలను చదువు కొరకు ఐరోపాకు పంపనేల? అచ్చటికి పోయినవాడు భోగములు మరగును. స్వదేశములోని నిరాడంబర జీవనమును ఏవగించుకొనును. తిరిగివచ్చిన పిమ్మట తనవారి నడుమనే పరదేశి వలె బ్రదుకును. పొరుగింటి పుల్లకూర రుచి యని మన పెద్దలు చెప్పిన మాటయే జెఫర్సన్ భయము.

ముప్పది యేండ్లు గడచెను. 1815 ఫిబ్రవరి మాసమున, వర్జీనియా రాష్ట్రములో కొండపైనున్న మాంటిసెల్లో అను తన గృహములో ఆ జెఫర్సనే ఇరువదిమూడేండ్ల యువకు నొకనికి ఆతిథ్య మిచ్చెను. ఆ యువకుడు చదువునకై ఐరోపాకు పోవుచున్నాడు. వృద్ధుడు వలదనలేదు, పైగా ఐరోపాలోని తన మిత్రులకు పరిచయ లేఖలు వ్రాసి యిచ్చెను. ఆ యువకుని పేరు జార్జి టిక్నర్.

జెఫర్సన్ తన భయమును విడనాడెనని మేము తలంపము. ఆ భయమునకు తగిన సమాధానము జాబులలో దొరకునది కాదు. పోయినవారి జీవితములలోనే దొరకవలెను. పోయినవాడు తనవాడుగనే తిరిగివచ్చునా? వచ్చినచో, తెచ్చిన విద్యను తన యింటనే దాచుకొనునా, పోలేనివారికి పంచునా? విద్యకై సముద్రము దాటిన తొలి అమెరికనులలో కొందరి కథలను ఈ ప్రశ్నకు ఎదురుగా నిలిపి చూతము.

టిక్నరునకు ముందు పోయినవారు లేకపోలేదు. పెన్సిల్వేనియాలో జన్మించిన బెంజమిన్ వెస్ట్ అను చిత్రకారుడు 1760లో ఇటలీ చేరి, 1763లో లండనులో స్థిరపడెను. 1792లో అచ్చటి రాయల్ అకాడమీకి అధ్యక్షుడయ్యెను. 1820లో మరణించువరకు స్వదేశమున మరల అడుగు పెట్టలేదు. అయినను లండనులోని ఆయన చిత్రశాల అమెరికా చిత్రకారులకు పాఠశాల యయ్యెను. చార్లెస్ విల్సన్ పీల్, గిల్బర్ట్ స్టువర్ట్, జాన్ ట్రంబుల్ మొదలగువా రాయన యొద్ద శిష్యరికము చేసినవారే. స్టువర్ట్ స్వదేశమునకు తిరిగివచ్చి జార్జి వాషింగ్టను రూపమును చిత్రించెను. అమెరికా వారి ఒక డాలరు నోటుపై మనము చూచు ముఖమునకు మూలము ఆ చిత్రమే.

వైద్యము నేర్వగోరినవారు స్కాట్లండులోని ఎడింబరో నగరమునకు పోయిరి. అట్లు పోయి పట్టములంది వచ్చిన జాన్ మోర్గన్, విలియం షిపెన్ అనువారు 1765లో ఫిలడెల్ఫియాలో వైద్య విద్యాశాలను నెలకొల్పిరి. అమెరికా వలసలలో మొదటి వైద్య విద్యాలయ మదియే. కాని అవి వలసపాలన దినములు. లండనుకు పోవుటయన్న, పల్లెనుండి పట్టణమునకు పోవుటవంటిది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట సంగతి మారెను. యుద్ధము చేసి గెలిచినవారు, ఓడినవారి ఖండమునకే చదువునకై పోవలసివచ్చుట మనస్సునకు కష్టము గలిగించు విషయము. ఇంట గెలిచి రచ్చ గెలువుమందురు. ఈ యువకులు ఇంట నేమి కొరవడినదో రచ్చకు పోయి తెలిసికొనిరి.

టిక్నరు బోస్టన్ నగరమువాడు. న్యాయశాస్త్రము చదివి దానిని విడిచి, సాహిత్యమునకే జీవితము నర్పింపనెంచెను. ఫ్రెంచి రచయిత్రి మదాం ద స్టాయెల్ జర్మనీని గూర్చి వ్రాసిన గ్రంథమును చదివినప్పుడు, గెట్టింగెన్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయ మహిమను విన్నప్పుడు, అచ్చటికి పోవలెనని అతని మనస్సు నిశ్చయించుకొనెను. కాని జర్మను భాష యెట్లు నేర్చుట? బోస్టను పరిసరములలో గణితము చెప్పుకొని బ్రదుకు అల్సేసు దేశీయు డొక్కడు దొరికెను. తన ఉచ్చారణ మంచిది కాదని అతడు ముందుగనే హెచ్చరించెను. జర్మను వ్యాకరణ మొకటి మిత్రుని యొద్ద యెరువు తెచ్చుకొనెను. అదియు ఫ్రెంచిలో వ్రాసినది. నిఘంటువు కొరకు పొరుగు రాష్ట్రమగు న్యూ హాంప్‌షైరుకు కబురంపవలసివచ్చెను. చదువుటకు గోథే నవల యొకటి, విదేశమున నున్న జాన్ క్విన్సీ ఆడమ్స్ భద్రపరచుకొనిపోయిన పుస్తకములలో నుండి చాటుగా సంపాదించెను. న్యూ ఇంగ్లండు ప్రాంతమునకు విద్యాకేంద్రమని పేరుగాంచిన పట్టణములో ఒక మహాభాష నేర్చుకొనుటకు ఇంత వెదకులాట!

1815 ఏప్రిలు 16వ తేదీన టిక్నరును, అతని మిత్రుడు ఎడ్వర్డు ఎవరెట్టును బోస్టను రేవున ఓడ యెక్కిరి. ఎవరెట్టు అప్పటికే హార్వర్డు కళాశాలలో గ్రీకు భాషాచార్యుడుగా నియమితుడు; ముందు ఐరోపాలో చదివివచ్చి పిదప పాఠము చెప్పుమని కళాశాలవా రతనికి సెలవిచ్చిరి. తెరచాప ఓడలో దాదాపు నాలుగు వారముల ప్రయాణము. ఇంగ్లండు తీరము చేరునప్పటికి తెలిసిన వార్త యేమన, నెపోలియన్ ఎల్బా ద్వీపమునుండి తప్పించుకొని మరల ఫ్రాన్సు సింహాసన మెక్కినాడని. లండనులో టిక్నరు బైరన్ కవిని చూడబోయి అతనితో మాటలాడుచుండగనే, వాటర్లూ యుద్ధములో నెపోలియన్ ఓడినాడని ఒకరు వచ్చి చెప్పిరి. చరిత్రకు ఇంత చేరువనుండి చూచియు ఆ యువకుడు అచ్చట నిలిచిపోలేదు. ఆగస్టు మాసారంభమున గెట్టింగెన్ చేరి, తెల్లవారకముందే లేచి, దినమంతయు చదువులో మునిగెను.

అచ్చట టిక్నరును ముందుగా తాకినది సిగ్గు. గ్రీకు చెప్పిన అధ్యాపకుడు వయస్సున చిన్నవాడే. కాని అతని పాండిత్యమును చూచిన పిమ్మట, గ్రీకు పండితు డనగా నెట్టివాడో తన దేశమునకు ఇంకను తెలియదని టిక్నరు ఇంటికి వ్రాసెను. హార్వర్డు గ్రంథాలయమున సుమారు 20,000 సంపుటములుండగా, గెట్టింగెనులో రెండు లక్షలకు పైగా ఉండెను. మనవారు కొత్త ఆచార్య పదవులను కల్పింతురు, కొత్త భవనములను కట్టింతురు, పుస్తకములను మాత్రము కొనరని అతడు స్వదేశమునకు వ్రాసిన యొక ఉత్తరములో నొచ్చుకొనెను. జర్మను ఆచార్యుడు పాత పాఠమును వల్లించువాడు కాడు. తానే పరిశోధించి కొత్త సంగతిని కనుగొని, ఆ కనుగొన్న మార్గమును శిష్యునకు చూపువాడు. ఆ మార్గమునకు పుస్తకములు కావలెను. పుస్తకములు లేని కళాశాల బావిలేని తోటవంటిదని టిక్నరు గ్రహించెను.

ఇచ్చట ఒక విచిత్రమును చెప్పవలెను. అమెరికా చరిత్రకు సంబంధించిన పుస్తకముల గొప్ప సేకరణ యొకటి అప్పుడు అమెరికాలో లేదు, జర్మనీలోని హాంబర్గు నగరమున నున్నది. క్రిస్టోఫ్ ఎబెలింగ్ అను పండితుడు అమెరికాను ఎన్నడును చూడకయే, ఆ దేశమును గూర్చిన వేలకొలది గ్రంథములను, భూపటములను జీవితమంతయు కూర్చియుంచెను. అతడు 1817లో మరణింపగా, మరుసటి సంవత్సరము బోస్టను వర్తకుడు ఇజ్రాయెల్ థార్న్‌డైక్ ఆ సేకరణ నంతను కొని హార్వర్డునకు బహూకరించెను. టిక్నరు మిత్రుడును, గెట్టింగెనులో చదివినవాడునగు జోసఫ్ కాగ్స్‌వెల్ ఇట్టి పనులలో తోడ్పడినవాడు. 1819లో గోథే మహాకవి తన గ్రంథములను హార్వర్డునకు కానుకగా పంపుటకును కాగ్స్‌వెల్ స్నేహమే కారణము.

ఎవరెట్టు 1817లో గెట్టింగెన్ విశ్వవిద్యాలయపు డాక్టరు పట్టము నందెను. అచ్చట ఆ పట్టమందిన మొదటి అమెరిక నతడే. టిక్నరు ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిను దేశములను తిరిగి, ఆ భాషలను నేర్చి, 1819లో ఇల్లు చేరెను. ఆయన దూరదేశమున నుండగనే తల్లి కన్నుమూసెను. విద్యకై పోయినవారు చెల్లించు మూల్యములో ఇదియు నొకటి. దీనిని ఏ విశ్వవిద్యాలయపు లెక్కలలోను వ్రాయరు.

ఇక తిరిగివచ్చిన పిమ్మట టిక్నరు చేసినదేమి? హార్వర్డులో ఫ్రెంచి, స్పానిష్ భాషల ఆచార్యుడై, కళాశాలను సంస్కరింప బూనెను. విద్యార్థులను వారి శక్తినిబట్టి తరగతులుగా విభజింపవలెననియు, తమకిష్టమైన విషయములను ఎన్నుకొను స్వేచ్ఛ నొసగవలెననియు వాదించెను. తోడి ఆచార్యులలో పెక్కురు అంగీకరింపలేదు. తన శాఖలో మాత్రమే ఆయన మాట సాగెను. పదునారేండ్లు పెనగులాడి 1835లో పదవిని విడిచెను. ఆ పీఠము నధిష్ఠించినవాడు కవి లాంగ్‌ఫెలో. అతడును ఐరోపా భాషలను ఐరోపాలోనే నేర్చినవాడు.

అచ్చటితో కథ ముగిసియున్నచో, జెఫర్సన్ పలికిన పరదేశి యితడే యని మనము తలంచియుందుము. కాని టిక్నరు గెట్టింగెనులో చూచిన గ్రంథాలయమును మరువలేదు. 1852లో బోస్టను పురపాలకులు పౌర గ్రంథాలయమును స్థాపింప సంకల్పించినప్పుడు, దాని పథకమును సిద్ధము చేసినవారిలో టిక్నరు, ఎవరెట్టు ముఖ్యులు. ముప్పదియేడేండ్ల క్రిందట ఒకే ఓడ నెక్కిన మిత్రులకు ఇచ్చట అభిప్రాయభేదము వచ్చెను. పండితులు వచ్చి కూర్చుండి పరిశోధన చేసికొనుటకు తగిన గ్రంథాలయము చాలునని ఎవరెట్టు అభిమతము. టిక్నరు అట్లు కాదనెను. సామాన్య జనులు మెచ్చి చదువు పుస్తకములను ఒక్కొక్కదానిని పెక్కు ప్రతులుగా కొనవలెను. వానిని రుసుము లేక ఇండ్లకు తీసికొనిపోనీయవలెను. పనివాడును, పనివాని కుమార్తెయు దీపము వద్ద కూర్చుండి చదువుకొనవలెను. ఎవరెట్టు చివరకు సమ్మతించెను. 1854లో ఒక పాఠశాల భవనమునందలి గదులలో గ్రంథాలయము తెరువబడెను.

ఈ పథకమును చదివి, లండనులో కోటీశ్వరుడైన జాషువా బేట్స్ అను వర్తకుడు 50,000 డాలర్ల నిచ్చుటకు ముందుకు వచ్చెను. అతడు మసాచుసెట్సు రాష్ట్రమున పేదయింట పుట్టినవాడు. బాల్యమున బోస్టనులో చదువుకొనుటకు గదిలో నిప్పు రాజుకొనుటకైనను డబ్బులేక, సాయంకాలములు ఒక పుస్తకాల దుకాణములో కూర్చుండి చదువుకొనెడివాడు. తనవంటి పిల్లలకు వెచ్చని చదువుగది కావలెనని అతని కోరిక. గెట్టింగెనులో పండితుల కొరకు వెలసిన పుస్తక భాండారము ఇట్లు సముద్రము దాటి, పండితులు కానివారి సొత్తయ్యెను. ఏరు దాటి తెప్ప తగులవేయువా రుందురు. టిక్నరు ఏరు దాటినవెనుక వెనుకవచ్చువారికై వంతెన కట్టెను.

1830 తరువాత అమెరికా యువకులను ఆకర్షించిన విద్యాక్షేత్రము పారిస్ నగరము, విద్య వైద్యము. అచ్చటి ఆసుపత్రులలో వేలకొలది రోగులు. విదేశీయులకు సైతము రుసుము లేని ఉపన్యాసములు. శవపరీక్షకు కావలసిన సౌకర్యము. అమెరికాలో నాడు శవమును కోసి చదువుట అపచారమని జనులు మండిపడెడివారు. ఫ్రెంచి వైద్యుడు లేనెక్ 1816లో కనిపెట్టిన గొట్టముతో గుండెను, ఊపిరితిత్తులను ఆలకించు విద్యను అమెరికనులు పారిసులో చేర్చి పట్టుకొనిరి. నేడు ప్రతి వైద్యుని మెడలోను వ్రేలాడు స్టెతస్కోపునకు మూలపురుషు డదియే.

వారి గురువులలో అగ్రగణ్యుడు పియేర్ లూయీ. ఆయన బోధించిన సూత్రము చిన్నది: నమ్మకమును నమ్మకుము, లెక్క పెట్టుము. రక్తము తీయుట సర్వరోగములకు మందని నాటి వైద్యులు నమ్మియుండిరి. లూయీ రోగులను లెక్కించి, ఎప్పుడు రక్తము తీసిరి, ఎందరు కోలుకొనిరి, ఎందరు మరణించిరి అని పట్టికలు వ్రాసి, ఆ చికిత్సవలన కలుగు మేలు జనులు తలంచినంత లేదని చూపెను. బోస్టనునుండి వచ్చిన శిష్యులలో జేమ్స్ జాక్సన్ అను యువకుడు ఆయనకు ప్రాణప్రదుడు. మరికొన్ని యేండ్లు రోగపరిశీలనలోనే ఉండనిండని లూయీ ఆ యువకుని తండ్రికి జాబు వ్రాసెను. తండ్రియు వైద్యుడే, కుమారుడు వచ్చి వృత్తి నారంభింపవలెనని పట్టుపట్టెను. యువకుడు 1833లో తిరిగివచ్చెను. 1834 మార్చిలో మరణించెను. తండ్రి కుమారుని జీవితమును తానే గ్రంథముగా వ్రాసి ప్రకటించెను.

అతని సహాధ్యాయి ఆలివర్ వెండెల్ హోమ్స్ 1835లో తిరిగివచ్చి, లూయీ పద్ధతిని స్వదేశపు గృహములలోనికి తెచ్చెను. బాలింతలను పొట్టనబెట్టుకొను సూతికా జ్వరమును ఒక రోగినుండి మరియొక రోగికి మోసికొనిపోవువారు వైద్యులును మంత్రసానులునే యని 1843లో ఆయన నిదర్శనములతో నిరూపించెను. పెద్దమనుషుల చేతులు మలినములు కావని కొందరు ప్రసిద్ధ వైద్యులు కోపగించిరి. హోమ్స్ వెనుదీయలేదు. పారిసులో నేర్చిన లెక్క బోస్టను తల్లుల ప్రాణములకు కాపుగా నిలిచెను.

ఇంతవరకు చెప్పినవారు కలిగిన కుటుంబములవారు. స్వదేశములో వారికి తలుపులు తెరచియే యుండెను. తలుపు మూసినందువలన పోయినవారును కలరు. జేమ్స్ మెక్యూన్ స్మిత్ 1813లో న్యూయార్కులో బానిసగా పుట్టిన నల్లజాతి బాలుడు. 1827లో ఆ రాష్ట్రపు చట్టము వలన విముక్తి పొందెను. పాఠశాలలో మేటి విద్యార్థి. వైద్యము చదువగోరి ప్రవేశ మడుగగా, చర్మపు రంగును బట్టి అమెరికా కళాశాలలు నిరాకరించెను. మిత్రులు ధనము కూర్చి 1832లో స్కాట్లండునకు పంపిరి. గ్లాస్గో విశ్వవిద్యాలయమున 1835, 1836, 1837 సంవత్సరములలో వరుసగా మూడు పట్టములను పొందెను. వానిలో కడపటిది వైద్య పట్టము. ఆ పట్టమందిన మొదటి అమెరికా నల్లజాతీయు డాయనయే.

ఐరోపాలోనే నిలిచిపోయినచో ఆయనను తప్పుపట్టువా రెవరు? గౌరవమచ్చట, అవమానమిచ్చట. అయినను ఆయన న్యూయార్కునకు తిరిగివచ్చెను. ఔషధశాలను తెరచెను, నల్లజాతి అనాథ శిశువుల ఆశ్రమమునకు వైద్యుడయ్యెను. 1840 నాటి జనాభా లెక్కలు, స్వేచ్ఛనొందిన నల్లవారిలో ఉన్మాదులు అధికమని చూపగా, బానిసత్వమే వారికి క్షేమమని దాని సమర్థకులు విజృంభించిరి. స్మిత్ ఆ లెక్కలను లెక్కలతోనే ఖండించెను. నల్లవా డొక్కడైనను లేని ఊళ్లలో సైతము నల్ల ఉన్మాదులు నమోదైయుండుటను బయటపెట్టెను. 1863లో న్యూయార్కులో అల్లరిమూకలు ఆ అనాథాశ్రమమును తగులబెట్టెను. తన దేశము తనకు నిరాకరించిన విద్యను దేశాంతరమున సంపాదించి, ఆ దేశమునకే ధారపోసిన ఆయన 1865లో కన్నుమూసెను.

చార్లెస్ సమ్నర్ కథ దీనికి జోడు. ఇతడు బోస్టను న్యాయవాది, తెల్లవాడు. మిత్రుల యొద్ద అప్పుచేసి, వృత్తిని విడిచి, పారిసునకు పోయెను. 1838 జనవరిలో సోర్బాన్ విద్యాలయమున ఉపన్యాసము వినుచుండగా, శ్రోతలలో నల్లజాతి విద్యార్థులను చూచెను. వారు చక్కని దుస్తులు ధరించి, తోడి విద్యార్థులతో సరిసమానముగా కలసి మెలసియుండిరి. వారి రంగును ఎవరును తప్పుగా నెంచలేదు. అమెరికాలో తెల్లవారికి నల్లవారికి గల దూరము ప్రకృతి కల్పించినది కాదు, మనము నేర్పిన చదువు వలన వచ్చినదని సమ్నరు ఆనాటి దినచర్యలో వ్రాసికొనెను. ఆ ఉపన్యాసములో గురువు చెప్పినదానికన్న, బల్లలపై కూర్చున్నవారిని చూచి అతడు నేర్చినది మిన్న.

1849లో బోస్టనులో శారా రాబర్ట్స్ అను నల్లజాతి బాలిక పక్షమున సమ్నరు న్యాయస్థానమున నిలిచెను. తెల్లవారి బడులను దాటుకొని దూరముననున్న ప్రత్యేకపు బడికి ఆ చిన్నది నడచిపోవలసివచ్చెడిది. చట్టము ముందు అందరు సమానులని సమ్నరు వాదించెను, 1850లో ఓడిపోయెను. కాని 1855లో మసాచుసెట్సు శాసనసభ రంగును బట్టి బడులను వేరుచేయుటను నిషేధించెను. దేశమంతటికి అట్టి తీర్పు రావలెనన్న 1954 వరకు ఆగవలసివచ్చెను. బానిసత్వమును నిందించుచు ప్రసంగించినందులకు 1856 మే 22వ తేదీన అమెరికా సెనేటు సభలోనే ప్రతిపక్షమువాడొకడు సమ్నరును చేతికర్రతో స్పృహ తప్పునట్లు కొట్టెను. చికిత్సకై ఆయన మరల పారిసునకు పోవలసివచ్చెను. ఒకనాడు కన్ను తెరిపించిన నగరమే మరియొకనాడు గాయమును మాన్పినది.

స్త్రీలకు తలుపులు ఇంకను బిగువు. అమెరికాలో వైద్య పట్టమందిన మొదటి మహిళ ఎలిజబెత్ బ్లాక్‌వెల్. 1849లో పట్టము పొందియు, ఆసుపత్రిలో అనుభవము చాలదని పారిసునకు పోయెను. పట్టము చేతనున్నను అచ్చటి ప్రసూతి వైద్యశాలలో ఆమెను మంత్రసాని విద్యార్థినిగనే చేర్చుకొనిరి. అదియే చాలుననుకొని పనిచేయుచుండగా, రోగగ్రస్తయగు శిశువు కన్నులను కడుగునప్పుడు ఆ రోగము తన కంటికి సోకెను. ఒక కన్ను పోయెను. శస్త్రవైద్యురాలు కావలెనన్న ఆశయు దానితో పోయెను. 1857లో న్యూయార్కున పేద స్త్రీలకును శిశువులకును ఆమె వైద్యశాలను నెలకొల్పెను. అందు రోగులును స్త్రీలే, వైద్యులును స్త్రీలే.

దూరపు కొండలు నునుపు. ఐరోపా యంతయు జ్ఞానమయము, న్యాయమయము అని మేము చెప్పుట లేదు. సమ్నరు మెచ్చుకొన్న ఫ్రాన్సు ఆనాడు తన వలస ద్వీపములలో బానిసత్వమును సాగించుచునే యుండెను. 1848లోగాని దానిని రద్దు చేయలేదు. బ్లాక్‌వెల్ పట్టమును పారిసు గౌరవింపలేదు. ఇంటిలోని లోపమును చూపుటకు పరదేశము అద్దము కాగలదు. అద్దమునకు మాత్రము తన లోపము కానరాదు.

ఈ యాత్రలలో మనకు ఆశ్చర్యము గలిగించు తోవ మరియొకటి కలదు. కొందరు అమెరికనులు ఐరోపాకు పోయి నేర్చినది ఐరోపా విద్య కాదు, మన విద్య. ఎడ్వర్డు సాలిస్‌బరీ బెర్లినులో ఫ్రాంజ్ బోప్ వద్ద సంస్కృతము నేర్చి వచ్చి, 1841లో యేల్ కళాశాలలో అరబ్బీ, సంస్కృత భాషల ఆచార్యుడయ్యెను. ఆయన శిష్యుడు విలియం డ్వైట్ విట్నీ 1850లో జర్మనీకి పోయి వేబర్, రోత్ పండితుల వద్ద వేదాధ్యయనము చేసెను. రోత్‌తో కలసి అథర్వవేద మూలమును పరిష్కరించి ముద్రింపించెను. 1879లో ఆయన ప్రకటించిన సంస్కృత వ్యాకరణము నేటికిని పాశ్చాత్య విద్యార్థులకు ఉపయోగపడుచున్నది. తర్కము కొరకు నవద్వీపమునకు, శాస్త్రముల కొరకు కాశికి కాలినడకన పోయిన పండితుల దేశము మనది. ఆ శాస్త్రములకు ఆధారమగు భాష బెర్లిను మీదుగా అమెరికా చేరిన కథ మనకు పరాయిది కాదు.

క్రమముగా యాత్రికుల పంట ఇంటనే పండెను. 1861లో యేల్ విద్యాలయము అమెరికాలో మొదటిసారిగా ముగ్గురికి డాక్టరు పట్టముల నొసగెను. 1876లో బాల్టిమోరున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము, గెట్టింగెనువంటి జర్మను విద్యాలయముల మార్గమున, పరిశోధనయే ప్రధానముగా వెలసెను. పోయినవారి విజయమునకు గుర్తు ఇదియే: వెనుకటివారికి పోవలసిన అగత్యమును వారు తగ్గించిరి.

టిక్నరు పయనమై నూరేండ్లు దాటిన పిమ్మట, 1923లో, ఒకనాడు జర్మను నిఘంటువైనను దొరకని ఆ బోస్టను నగరమునకే విద్యార్థిగా వచ్చినవాడు మన తెలుగువాడు, భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డులో చదివి, పరిశోధించి, 1948లో అమెరికాలోనే ఆయన కన్నుమూసెను. బెంజమిన్ వెస్టు వలె ఇంటికి తిరిగిరాలేదు. కాని 1947లో ఆయన నాయకత్వమున వెలువడిన డైఇథైల్ కార్బమజీన్ అను ఔషధము వచ్చెను. బోదకాలు వ్యాధిపై మన దేశము 1955లో ఆరంభించిన పోరాటమున ఆ మందు ముఖ్యసాధన మయ్యెను. మనిషి రాకపోయినను విద్య వచ్చినది.

జెఫర్సన్ భయము అర్థములేనిది కాదు. వేషమును, విలాసమును మాత్రమే నేర్చి వచ్చినవారు ఏ కాలమునను కలరు. వారి పేర్లను చరిత్ర వ్రాసిపెట్టలేదు. నేడు తెలుగు పల్లెలనుండి సైతము వేలాది బిడ్డలు సముద్రములు దాటి విద్యకై పోవుచున్నారు. పంపుచున్న తలిదండ్రులు, వాడు తిరిగివచ్చునా యని దిగులు పడుట సహజము. ఆ ప్రశ్నతోపాటు మరియొక ప్రశ్నను కూడ వేసికొందము: వాడు నేర్చిన విద్య, పోలేని బిడ్డకు ఏ రూపమున చేరును? ఒక పుస్తకమై చేరునా, ఒక వైద్యశాలయై చేరునా, అన్యాయమును సహింపని ఒక మాటయై చేరునా? ఆ చేరిక యున్నంతవరకు సముద్రము దాటిన చదువు మనకు పరాయిది కాబోదు.